నమూనాలో లేని గుంట

ముందు వంగుతాడు. తర్వాత ఎడమ కన్ను మూస్తాడు. పెదవులు సున్నాలా చుట్టి, ఉఫ్ అని ఊదుతాడు. అప్పుడు లేచి, ఇక చూసుకోండి అన్నట్టు పక్కకి తప్పుకుంటాడు.

నగర ప్రణాళికా కార్యాలయంలో ఆయన పని నమూనాలు చేయడం. కాగితం మీద గీసిన వీధుల్ని, మేడల్ని, వంతెనల్ని అట్టతో, థర్మోకోల్ లాంటి నురుగు పలకతో, ప్లాస్టిక్ రేకుతో బల్ల మీద నిలబెడతాడు. గిన్నెలు తోమే స్పాంజిని చిదిపి, ఆకుపచ్చ రంగులో ముంచి, గుండుసూదులకి గుచ్చి ఆరబెడితే అవి చెట్లు. వార్నిష్ చుక్క వేస్తే అది నీళ్ళు. ఆరిపోయాక కూడా తడిగానే కనిపిస్తుంది.

ఎవరైనా పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారంటే, వాళ్ళు గుమ్మం దాటేలోగా నగరం మీద పడిన దుమ్మూ, అట్ట పొట్టూ ఎగిరిపోవాలి. గుడ్డతో తుడిస్తే చెట్లు ఊడివస్తాయి. కుంచెతో దులిపితే మనుషులు పడిపోతారు. అందుకని ఊదుతాడు. ఊది ఊది అదే అలవాటైపోయింది. కంచం ముందు కూర్చుంటే చల్లారినదాన్ని కూడా ఊదుతాడు. కుర్చీని ఊది కూర్చుంటాడు. పెళ్ళయిన కొత్తలో భార్య నుదుటి మీద జుట్టు పడితే ఊదాడట. “ఎంత ముచ్చటో అనుకున్నాను. తిరుగుతున్న ఫ్యానుని కూడా ఊదడం చూశాక సంగతి తెలిసింది” అంటుంది ఆవిడ. ఆఫీసులో అందరూ ఆయన్ని ఉఫ్ గారు అంటారు. జీతం ఇచ్చే గుమాస్తా కూడా అసలు పేరు కోసం కాసేపు వెతుక్కుంటాడు.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఆమోదం పొందిన నమూనాలో ఏది ఉందో అది నేల మీద ఉండి తీరాలి. నేల మీద ఏది ఉన్నా, నమూనాలో లేకపోతే అది లేనట్టే లెక్క.

పూర్వం ఇలా ఉండేది కాదు. రోడ్ల విభాగం కాగితంలో ఉన్న వీధి మురుగు విభాగం కాగితంలో ఉండేది కాదు. తోటల విభాగం చెట్టు నాటిన చోటే దీపాల విభాగం స్తంభం నాటేది. ఒకచోట చెట్టుకే దీపం బిగించి, పని పూర్తయిందని ఇద్దరూ రాసుకున్నారు. విసిగిపోయిన నగర సభ ఒక తీర్మానం చేసింది. కాగితాలు అటకెక్కించండి, నమూనా ఒక్కటే నిజం అంది. నగర సభ అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆ పెద్దాయన వచ్చి, చూసి, అద్దాల పెట్టె మూసి, లక్క ముద్ర వేస్తే ఇక తిరుగులేదు.

అలా నగరమంతా వచ్చి ఒక మనిషి వేలికొన దగ్గర ఆగింది. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. బొత్తాం పడేదాకా తెలియదు.

ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. వీధివైపు గదిలో మిషను. ఊళ్ళో వాళ్ళందరి బొత్తాలూ కుడుతుంది. మొగుడి చొక్కాకి కుట్టాలంటే మొగుడు దొరకడు.

“ఆ రెండో బొత్తాం దారం మీద వేళ్ళాడుతోంది. విప్పి ఇలా ఇవ్వండి, క్షణంలో వేసిస్తాను” అందావేళ పొద్దున.

“సాయంత్రం వేద్దువులే.”

“సాయంత్రందాకా అది ఉండాలిగా.”

ఆవేళ కూడలి నమూనాకి ముద్ర పడాలి. ఆవేళే ఆయనకి జలుబు. నగరం మీద తుమ్మితే ఏం కొట్టుకుపోతుందోనని మూతికి గుడ్డ కట్టుకున్నాడు. వంగాడు. ఎడమ కన్ను మూశాడు. ఊదాడు. గుడ్డ ఉబ్బింది, అంతే. లేచి నిలబడేటప్పుడు బొత్తాం తెగి, బస్సులు మలుపు తిరిగే కూడలి మధ్యలో పడింది. ఎవరూ చూడలేదు. పెద్దాయన ఒక్కరే చూశారు.

“ఇది బాగుంది” అన్నారు. ముద్ర వేశారు.

సాయంత్రం భార్య చొక్కా చేతిలోకి తీసుకుని “బొత్తామేదండీ?” అంది. అప్పుడు తెలిసింది. మర్నాడు వెళ్ళి అద్దంలోంచి చూశాడు. తెల్లగా, గుండ్రంగా, నాలుగు కన్నాలతో కూడలిలో కూర్చుని ఉంది. ముద్ర వేసిన పెట్టె తెరవకూడదు. చీఫ్ మేడమ్‌కి చెప్పేద్దామని ఆవిడ గదికి వెళ్ళాడు. ప్రణాళికలన్నిటికీ ఆవిడే అధిపతి. ఆవిడ ఫోనులో ఉంది.

“అంచు ఎత్తుగానే ఉండాలి. నాలుగు కన్నాలూ ఉండాలి. ఎందుకంటే నాకేం తెలుసు? నమూనాలో ఉంది” అంటోంది.

ఆయన వెనక్కి వచ్చేశాడు.

కట్టారు. రాయితో, గుండ్రంగా, మనిషి మోకాలెత్తు అంచుతో, మధ్యలో బావుల్లాంటి నాలుగు కన్నాలతో. ‘ఉపయోగం’ అన్న చోట ఏం రాయాలో తోచక ఇంజినీరు ‘ఉంది’ అని రాశాడు. కొన్నాళ్ళు జనం దాన్ని చూసి తప్పుకుని నడిచారు. తర్వాత ఒక ముసలాయన అంచు మీద కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. వానకి కన్నాల్లోకి మట్టి కొట్టుకొచ్చింది. ఎవరో నాలుగు మొక్కలు గుచ్చారు. మొక్కలు మానులయ్యాయి, నీడ పడింది, నీడలో కూరల బండి ఆగింది. బస్సులు దాని చుట్టూ మెల్లగా తిరగాల్సి వచ్చింది కాబట్టి ఆ కూడలిలో మనుషులు బస్సుల కింద పడడం మానేశారు. పరాయి నగరాల వాళ్ళు చూడడానికి వచ్చారు. దీని వెనక ఆలోచన ఏమిటని అడిగారు.

“నేల ఊపిరి పీల్చుకోవడం” అంది మేడమ్. అంతకుముందు రోజు సాయంత్రమంతా కూర్చుని ఆలోచించిన మాట అది.

ఉఫ్ గారు మాత్రం ఆ కూడలి దాటేటప్పుడు తల దించుకుంటాడు. అందరూ కూర్చునే చోట ఆయన ఇంతవరకూ కూర్చోలేదు. తన చొక్కా విప్పుకుని వీధిలో నిలబడ్డట్టు ఉంటుందట.

ఈ సంగతి ఆయన భార్యకి మాత్రమే చెప్పాడు. భార్య తన తల్లికి మాత్రమే చెప్పింది. ఆ తల్లి, అంటే అత్తగారు, వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆవిడ ఎవరికీ చెప్పవద్దని చెప్పి సందులో అందరికీ చెప్పింది.

దాంతో ఆయన పొద్దున్నే గుమ్మం దిగడం కష్టమైంది.

“అన్నయ్యగారూ, వెళ్తున్నారా? మా వాకిలి దగ్గర ఓ అగ్గిపుల్ల పడేయండి. దీపస్తంభం వస్తుంది. చీకట్లో తాళంచెవి దొరకడం లేదు.”

“బాబాయిగారూ, ఈ కలం మూత తీసుకోండి. మా మేడ పక్కన నిలబెట్టారంటే నీళ్ళ ట్యాంకు.”

“మాకేం పెద్ద కోరికలు లేవండీ. రెండు కంది గింజలంత... ఏదైనా సరే, కూర్చోడానికి.”

“పెట్టలేదమ్మా, పడింది” అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. “నేను గీసినదే చేస్తాను. గీయనిది చేయను. అది పడింది.”

“పడేయమనేగా మేమూ అంటున్నది” అనేవాళ్ళు.

ఆఖరికి భార్య చేత బొత్తాలు లేని చొక్కాలు కుట్టించుకున్నాడు, తలమీంచి దూర్చుకునేవి. జేబులు కూడా మూసి కుట్టేయించాడు. ఇక ఆయన ఒంటి మీద నుంచి నగరం మీద పడడానికి చెమట తప్ప ఏమీ లేదు.

ఆ సందు చివర ఒక గుంట ఉంది. పేరేమీ లేదు, గుంట అంటారు. సందులో పడిన వానంతా అందులోకి దిగుతుంది. కొన్నాళ్ళు నిలబడుతుంది, కప్పలు మాట్లాడతాయి, తర్వాత నేల తాగేస్తుంది. ఎండాకాలం పిల్లలు బంతాడతారు. గుంట ఉన్నందువల్లే సందులో బోరింగు ఎండిపోలేదు. గట్టు మీద అత్తగారు ఆకుకూరలు పెంచుతుంది. ఆయన ఇల్లు గుంటకి కాస్త పైన, సందులో పల్లంవైపు. గుంట లేకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో ఎవరూ అడగక్కర్లేదు. మొదట మిషను గదిలోకి వస్తాయి.

నగర సభ ఊరంతటినీ పచ్చని నగరం చేయాలనుకుంది. ఊరంతటికీ ఒకే నమూనా. కొలవడానికి మనుషులొచ్చారు. వాళ్ళు సందుకి వచ్చింది ఎండాకాలం. కాగితంలో ఇంటికి ఒక గుర్తు ఉంది, రోడ్డుకి ఒకటి, చెట్టుకి ఒకటి, కాలవకి ఒకటి. పల్లానికి గుర్తు లేదు. పిల్లలు బంతాడుతున్నారు. ఖాళీ స్థలం అని రాసుకుని, చెమట తుడుచుకుని వెళ్ళిపోయారు.

తన సందు కాగితం ఆయన బల్ల మీదికి వచ్చిన రోజున, గుంట ఉండాల్సిన చోట ఒక చతురస్రం ఉంది. పక్కన రాసి ఉంది: పర్యావరణ అవగాహన కేంద్రం. అద్దాల గోడలు, చల్లదనం యంత్రాలు. కింది అంతస్తులో వాన నీరు నేలలోకి ఎలా ఇంకుతుందో చూపించే అద్దాల తొట్టె.

ఆయన ఆ కాగితం పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాడు.

“అక్కడ కొంచెం పల్లం మేడమ్.”

“పల్లం అంటే?”

“నీళ్ళు నిలుస్తాయి.”

“అందుకే పూడుస్తున్నాం ఉఫ్ గారూ. నీళ్ళు నిలిచే చోట నీటి సంరక్షణ నేర్పే కేంద్రం ఎలా కడతాం? రేపు మనమే నవ్వులపాలవుతాం.”

ఆవిడ చెడ్డది కాదు. ఆయన నిలబడే ఉండడం చూసి కళ్ళజోడు తీసింది. “కాగితంలో ఉంటే ఉంచేదాన్ని. లేనిదాన్ని ఎలా ఉంచను? నా చేతిలో ఏముంది, చెప్పండి” అంది. ఆవిడ చేతిలో నిజంగానే ఏమీ లేదు. అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, అట్టా, కత్తీ, జిగురూ.

ఆయన కేంద్రాన్ని తయారుచేశాడు. చాలా చక్కగా వచ్చింది. లోపల అద్దాల తొట్టె కూడా చేసి, అందులో సూదిమొనతో వార్నిష్ వేశాడు. విరిగేవి ఏవైనా ఆయన రెండేసి చేస్తాడు. రెండోది అలమారలో పెట్టాడు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. భార్య మిషను ఆపింది. అత్తగారు ఆకుకూర తుంచడం ఆపలేదు.

“అల్లుడుగారూ, ఊరికంతటికీ బొత్తాం పెట్టిన మనిషి మీరు. సొంత సందుకి ఒక గుంట పెట్టుకోలేరా?”

“పెట్టలేదత్తయ్యా. పడింది.”

“అయితే దీన్నీ పడనివ్వండి.”

“పడేది ఏదైనా పైన పడుతుంది. గుంట పైన పడేది కాదు. చెక్కాలి. చేత్తో, తెలిసి, కత్తితో చెక్కాలి. అంటే అది నేను పెట్టినట్టు.”

“పెడితే?”

“ఇవాళ గుంట పెడతాను. రేపు అగ్గిపుల్లాయన వస్తాడు, ఎల్లుండి కలం మూతాయన. ఎవరికి లేదనను? గీయనిది ఒక్కటి పెట్టానంటే ఆ బల్ల దగ్గర నిలబడ్డానికి నాకు కాళ్ళు ఉండవు.”

“కాళ్ళు ఉంటాయి లెండి. మోకాళ్ళదాకా నీళ్ళలో ఉంటాయి” అందావిడ. తుంచిన ఆకులు కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళింది.

భార్య మర్నాడు మిషను కాళ్ళ కింద ఇటుకలు పెట్టింది. మిషను పైకి వెళ్ళింది కాబట్టి కుర్చీ కింద కూడా పెట్టింది. అప్పటినుంచి బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు కింద నిలబడి, తలెత్తి, జడ్జిగారికి విన్నవించుకున్నట్టు కొలతలు చెబుతున్నారు.

“చేతులు కొంచెం పొడుగు ఉంచండమ్మా.”

“చూస్తాను” అంటుంది పైనుంచి.

ముద్ర వేసే ముందు ఒకరోజు నమూనాని జనానికి చూపించాలి. అదీ నియమమే. హాలు మధ్యలో నగరం పరిచారు. చుట్టూ తాడు కట్టారు. చూడవచ్చు, ముట్టుకోకూడదు. ఉఫ్ గారు తాడు లోపల నిలబడ్డాడు, అడిగినవాళ్ళకి అడిగింది చూపించడానికి. మేడమ్ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి నమస్కారాలు పెడుతోంది.

మధ్యాహ్నం అత్తగారు వచ్చింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతికర్ర పట్టుకుని. ఆ కర్ర గుంట గట్టు మీద జారకుండా ఉండడానికి చేయించుకున్నది. కొనకి ఇనప పొన్ను వేసి ఉంటుంది.

“మనిల్లు ఏది నాయనా?”

“ఇదిగో అత్తయ్యా.”

“ఇదా? ఇంతేనా?”

“అన్నీ ఇంతేనండీ.”

“తలుపు లేదేం?”

“ఈ కొలతలో తలుపులు రావు.”

“తలుపు లేదు గనక నీళ్ళు రావనుకున్నారేమో” అంది చుట్టుపక్కలవాళ్ళకి వినిపించేలా. నలుగురు దగ్గరికి వచ్చారు. ఆవిడ తాడు మీదికి వంగి నమూనాలోని పార్కు కేసి చూసింది. “ఈ తెల్లగా ఉన్నవాళ్ళెవరు?”

“ప్రజలు.”

“అందరూ పనీపాటా లేకుండా తిరుగుతున్నారే! ఒక్కరి చేతిలో సంచీ లేదు. చంకలో పిల్ల లేదు. వీళ్ళకి వంటెవరు చేస్తారు?”

నవ్వులు వినిపించాయి. మేడమ్ తలుపు దగ్గర నుంచి ఇటు చూసింది. ఉఫ్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

“ఈ అగ్గిపెట్టెలేమిటి, బారులు తీర్చి?”

“ఆఫీసర్ల కార్లండీ. ఇదే మన ఆఫీసు. ఇది వెనక ఆవరణ.”

“ఓయమ్మ, మనూళ్ళో ఇంత ఖాళీ జాగా ఉందన్నమాట! కార్లకి గుంటంత చోటు దొరికింది, గుంటకి దొరకలేదు.” ఆవిడ గొంతు ఒక్కసారి మెత్తబడింది. “మరి గుంటేదీ?”

“లేదత్తయ్యా. చెప్పాను కదా.”

“ఎందుకు లేదూ? ఇక్కడ కదూ ఉండాలి?”

ఇక్కడ అని చూపించడానికి కర్ర ఎత్తింది. చాపింది. తాడు ఆవిడ నడుముకి తగిలింది. ఒళ్ళు ముందుకి తూలింది. ఇనప పొన్ను అవగాహన కేంద్రం కప్పు మీద ఆనింది, ఆవిడ బరువంతా కర్ర మీద ఆనింది. పట్‌మని చప్పుడైంది. కర్ర కేంద్రంలోంచి, దాని కింద నురుగు పలకలోంచి దిగి ఆగింది.

హాల్లో అందరూ ఇటు తిరిగారు.

“జారింది నాయనా” అంది.

కర్ర పైకి లాగింది. కేంద్రం కర్ర కొనకి గుచ్చుకుని వచ్చేసింది. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు, లేదా ఆనలేదు. అందరికీ ఒకసారి నమస్కారం పెట్టి, పర్యావరణ అవగాహన కేంద్రాన్ని నేలమీద టకటక ఆనించుకుంటూ మేడమ్ ముందునుంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. వాచ్‌మన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెద్దవాళ్ళు వెళ్తుంటే తెరవాలని ఆయనకి నేర్పారు.

కేంద్రం ఉన్న చోట గుంట మిగిలింది. అంచులు చెదిరి, ఒకవైపు లోతుగా, ఒకవైపు ఏటవాలుగా, అచ్చం సందు చివర గుంటలా ఉంది.

జనం వెళ్ళిపోయాక మేడమ్ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

“ఆవిడ మీకేమవుతారు?”

“మా అత్తగారండీ.”

“ఊఁ.” కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “రేపు పొద్దున్న పెద్దాయన వస్తారు. ముద్ర వేస్తారు. కేంద్రం కోసం ఆయన పట్టుబట్టారు. ఎక్కడుందని అడిగితే వేలుపెట్టి చూపించడానికి అది ఉండాలి. ఇంకోటి ఉందా?”

“అలమారలో ఉంది మేడమ్.”

“ఉంటే ఇక బెంగ లేదు. పొద్దున్నే వచ్చి నిలబెట్టేయండి.”

“అలాగే మేడమ్.”

ఆయన జీవితమంతా అలాగే అంటూ వచ్చినవాడే. ఈసారి ఆ మాట అనేటప్పుడు గుంట కేసి చూస్తున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి వాన మొదలైంది. భార్య ఇటుకల మీద, పైన, లైటు వేసుకుని కుడుతోంది. కర్ర గోడకి ఆనించి ఉంది. కొనకి కేంద్రం లేదు. అత్తగారు దాన్ని ఊడదీసి, కడిగి, కిటికీలో పెట్టింది. రెండు గోడలు మిగిలాయి. లోపల తొట్టె మాత్రం చెక్కు చెదరలేదు.

“కర్ర జారింది” అందావిడ, ఆయన ఏమీ అడగకముందే.

“తెలుసత్తయ్యా.”

“పడిందనుకోండి. మీరు పెట్టలేదు కదా.”

“రేపు పొద్దున్న దాన్ని పూడ్చాలి. పూడ్చి రెండోది పెట్టాలి.”

ఆవిడ ఇంతసేపూ గట్టిగా పట్టుకున్నదేదో వదిలేసినట్టు గోడకి జారగిలపడింది. ఆవిడ అలా కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఏదో తుంచుతూ ఉంటుంది.

మిషను ఆగింది.

“నేను ఒకటి అడుగుతాను. పూడ్చమని కాగితంలో ఉందా?” అంది భార్య.

“కేంద్రం ఉంది కాగితంలో.”

“కాగితం కాదు, మేడమ్ ఏమన్నారు?”

“పెద్దాయన అడిగితే చూపించడానికి కేంద్రం ఉండాలన్నారు.”

“ఊఁ” అని దారం కొరికింది. “మీరు ఏం చేసినా నేనేమీ అనను. కానీ ఇంత ఎత్తులో కూర్చుంటే ఫ్యాను గాలి తలకి తగులుతోంది. అదొక్కటే నా బాధ.”

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సందులో నీళ్ళు కాళ్ళ ముందునుంచి పోతున్నాయి. ఒక చెప్పు, కాసిని ఆకులు, ఎవరో పడేసిన కలం మూత. అన్నీ ఒకే వైపు పోతున్నాయి. ఏ విభాగమూ గీయలేదు. ఎవరూ దారి చూపించలేదు. సందు చివర చీకట్లో చప్పుడు లేకుండా దిగిపోతున్నాయి. కాసేపటికి కప్పలు మొదలుపెట్టాయి. ఆయన వంగి, ఎడమ కన్ను మూసి, అటువైపు చూశాడు. ఊదలేదు.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళాడు. వాచ్‌మన్ తలుపు తీశాడు. “అత్తగారు కులాసానా అండీ?” అని అడిగాడు. కులాసా అన్నాడు.

హాల్లోకి వెళ్ళి అలమార తెరిచి రెండో కేంద్రాన్ని తీశాడు. అరచేతిలో పెట్టుకుని నమూనా ముందు నిలబడ్డాడు. పూడ్చడానికి తెచ్చిన నురుగు ముక్క బల్ల మీద ఉంది. దాన్ని చూశాడు. తీసి చెత్తబుట్టలో వేశాడు.

సన్న కత్తి తీసుకుని ఆఫీసు వెనక ఆవరణ దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్క కారునీ జిగురు తెగ్గోసి పైకి తీశాడు. మొదటి కారు మేడమ్‌ది. దాని దగ్గర కత్తి కాసేపు ఆగింది. చివరిదానికి వచ్చేసరికి ఆగడం లేదు. ఖాళీ అయిన చోట జిగురు రాసి, కేంద్రాన్ని అక్కడ నిలబెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఎండ పడి అద్దాలు మెరిశాయి. పెద్దాయన ఏ మూల నిలబడి అడిగినా వేలుపెట్టి చూపించవచ్చు.

తర్వాత గుంట దగ్గరికి వచ్చాడు. చెదిరిన అంచుల్ని బొటనవేలితో అదిమాడు. గట్టు మీద, అత్తగారి ఆకుకూరలుండే చోట, చిటికెడు స్పాంజి పొడి చల్లాడు. వార్నిష్ సీసా మూత తీసి, పుల్ల ముంచి, గుంటలో ఒక చుక్క వేశాడు. చుక్క నెమ్మదిగా పరుచుకుని ఆగింది.

కార్లు ఇంకా ఎడమచేతిలోనే ఉన్నాయి. పెట్టుకుందామంటే జేబులు కుట్టేసి ఉన్నాయి. గుప్పిట మూశాడు.

బయట పెద్దాయన కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద మేడమ్ గొంతు వినిపించింది.

వంగాడు. ఎడమ కన్ను మూశాడు. ఉఫ్ అని ఊదాడు.

ఏదీ కదల్లేదు. పక్కకి తప్పుకున్నాడు.